ఒకే ఫుటర్ ఫైల్‌ని అన్ని పేజీలకీ తగిలించేటప్పుడు వచ్చే ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

కాపీరైట్ లైను, కాంటాక్ట్ లింకులు, ప్రైవసీ పాలసీ ఇవన్నీ ప్రతి పేజీలో విడివిడిగా రాసుకుంటే రేపు ఏదైనా మార్చాల్సి వచ్చినప్పుడు చచ్చే చావు కాబట్టి, ఫుటర్‌ని ఒక ఫైల్లో పెట్టి సర్వరే ప్రతి పేజీ కింద తగిలించేలా చేస్తాం. చూడ్డానికి రెండు లైన్ల పని. తేడా కొట్టినప్పుడు మాత్రం ఎక్కడ వెతకాలో తోచదు, ఎందుకంటే తగిలించేది ఫలానా వాళ్ళే అని లేదు, పేజీని తయారుచేసే పీహెచ్‌పీ చెయ్యొచ్చు, దాని ముందున్న వెబ్ సర్వర్, అంటే అపాచీ గానీ ఎన్‌జింక్స్ గానీ చెయ్యొచ్చు, జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్ అయితే టెంప్లేట్ ఇంజిన్ చేస్తుంది. "ఫుటర్ రావట్లేదు" అని వెతికితే దొరికే జవాబుల్లో సగం మన సెటప్‌కి సంబంధం లేనివి అవడానికి కారణం ఇదే. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, మన సైట్‌లో ఫుటర్‌ని తగిలిస్తున్నది ఎవరు, ఏ దశలో అని.

ముందు సోర్స్ చూడండి

పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి వ్యూ పేజ్ సోర్స్ తెరవండి. ఇన్‌స్పెక్ట్ కాదు, అది బ్రౌజర్ తనకి తోచినట్టు ట్యాగులు సర్దుకున్నాక మిగిలింది చూపిస్తుంది, సర్వర్ నిజంగా ఏం పంపిందో సోర్స్‌లోనే తెలుస్తుంది. కమాండ్ లైన్ నుంచి పేజీని తెచ్చే కర్ల్ వాడే అలవాటుంటే ఇంకా మంచిది, బ్రౌజర్ కాష్ గోల ఉండదు. ఆ సోర్స్ చివరికంటా వెళ్తే మూడింట్లో ఏదో ఒకటి కనబడుతుంది. ఫుటర్ ఫైల్ని పిలిచిన లైన్ మనం రాసింది రాసినట్టే ఉందా, అయితే దాన్ని చదవాల్సినవాళ్ళు చదవలేదు. అసలు ఏమీ లేదా, అయితే దారి తప్పింది లేదా స్క్రిప్ట్ మధ్యలో చచ్చిపోయింది. ఫుటర్ హెచ్‌టీఎమ్‌ఎల్ అంతా శుభ్రంగా ఉంది కానీ పేజీలో కనబడట్లేదా, అయితే సర్వర్‌ని వదిలేసి హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ వైపు వెళ్ళండి. ఈ ఒక్క చూపుతో సగం కారణాలు కొట్టేయొచ్చు.

సమస్య: ఇంక్లూడ్ లైన్ సోర్స్‌లో అలాగే పడి ఉంది

ఇది ఎక్కువగా ఎస్ఎస్ఐ, అంటే సర్వర్ సైడ్ ఇంక్లూడ్స్ వాడేచోట వస్తుంది. ఫలానా ఫైల్ ఇక్కడ పెట్టు అని సర్వర్‌కి చెప్పే ఆ లైను, అంటే డైరెక్టివ్, హెచ్‌టీఎమ్‌ఎల్ కామెంట్ రూపంలో ఉంటుంది కాబట్టి సర్వర్ దాన్ని పట్టించుకోకపోతే ఎర్రర్ కూడా రాదు, బ్రౌజర్ మామూలు కామెంటే కదా అని దాటేస్తుంది, పేజీ కింద ఖాళీ. అందుకే చాలామంది ఫుటర్ ఫైల్లో ఏదో తప్పుందనుకుని అక్కడ గంటలు తగలేస్తారు.

కారణాలు చూస్తే, ఒకటి ఎక్స్‌టెన్షన్. అపాచీలో సాధారణంగా ఎస్‌హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్ళకే ఈ డైరెక్టివ్‌లని చదివే ఇంక్లూడ్స్ ఫిల్టర్ పెడతారు, మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్‌ని ఎవరూ చదవరు. రెండోది ఆప్షన్స్‌లో ప్లస్ ఇంక్లూడ్స్ లేకపోవడం, ఇది లేకపోతే అపాచీ ఫిల్టర్ని తనే తీసేసి ఎర్రర్ లాగ్‌లో ఆ సంగతి రాసి ఊరుకుంటుంది, లాగ్ తెరిచినవాళ్ళకి నిమిషంలో తేలిపోతుంది. మూడోది, ఇవన్నీ హెచ్‌టీయాక్సెస్‌లో, అంటే ఫోల్డర్‌లో పెట్టే అపాచీ సెట్టింగుల ఫైల్లో, రాశాం కానీ మెయిన్ కాన్ఫిగ్‌లో అలౌ ఓవర్‌రైడ్ నన్ అని ఉంది, అంటే మన హెచ్‌టీయాక్సెస్‌ని అసలు తెరవను కూడా తెరవదు. అపాచీ 2.4లో డిఫాల్టే అది. ఇంకోటి స్పెల్లింగ్ లాంటిది, కామెంట్ మొదలుపెట్టే రెండు గీతలకీ హ్యాష్ గుర్తుకీ మధ్య ఖాళీ ఉండకూడదు, చివర్లో మాత్రం మూసే గీతల ముందు ఒక స్పేస్ ఉండాలి. ఎడిటర్‌లో ఫార్మాట్ బటన్ నొక్కితే అది ఈ ఖాళీల్ని సర్దేసి పని చెడగొడుతుంది, ఒకసారి గమనించుకోండి.

ఎన్‌జింక్స్ అయితే ఎస్ఎస్ఐ ఆన్ అన్న లైన్ ఆ లొకేషన్‌లో ఉందో లేదో చూస్తే చాలు.

డైనమిక్ పేజీ సంగతి వేరు. పేజీ పీహెచ్‌పీలో ఉంది, అందులో ఎస్ఎస్ఐ డైరెక్టివ్ రాశాం. పాత అపాచీ 1.3లో ఇది అయ్యే పని కాదు, ఒక ఫైల్‌ని ఒకరే చూసేవాళ్ళు, పీహెచ్‌పీ చేతిలోకి వెళ్ళిందంటే ఎస్ఎస్ఐకి దక్కదు. అపాచీ 2 నుంచి అవుట్‌పుట్ ఫిల్టర్లు వచ్చాయి కాబట్టి పీహెచ్‌పీ ఇచ్చిన అవుట్‌పుట్‌ని మళ్ళీ ఇంక్లూడ్స్ ఫిల్టర్‌లోంచి పంపించొచ్చు, పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్‌కి కూడా ఆ ఫిల్టర్ పెట్టాలి అంతే. అయితే ఒక ప్రమాదం ఉంది, యూజర్లు టైప్ చేసిన టెక్స్ట్‌ని ఆ పేజీ ఎస్కేప్ చెయ్యకుండా (అంటే ట్యాగు గుర్తుల్ని మామూలు అక్షరాలుగా మార్చకుండా) చూపిస్తుంటే, అందులో ఎవరైనా ఎస్ఎస్ఐ డైరెక్టివ్ రాసి పెడితే సర్వర్ దాన్ని కూడా నడిపేస్తుంది. ఎగ్జెక్ డైరెక్టివ్‌తో కమాండ్లు నడపొచ్చు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇంక్లూడ్స్ బదులు ఇంక్లూడ్స్ నో ఎగ్జెక్ పెట్టుకోండి. పీహెచ్‌పీ చేతిలో ఉండగా ఫుటర్ కోసం ఎస్ఎస్ఐ దాకా వెళ్ళడం ఎందుకనేది నా అభిప్రాయం, పీహెచ్‌పీలోనే ఇంక్లూడ్ చేసేసుకోండి.

సోర్స్‌లో పీహెచ్‌పీ కోడే బయటికి కనబడుతుంటే, పేజీ ఎక్స్‌టెన్షన్ హెచ్‌టీఎమ్‌ఎల్ అయ్యుంటుంది, లేదా ఫుటర్‌లో షార్ట్ ట్యాగ్ వాడి ఉంటారు, అది ఆ సర్వర్‌లో ఆఫ్‌లో ఉంటుంది. ఫుల్ ట్యాగ్ రాసేస్తే సరి. ఫైల్ గెట్ కంటెంట్స్‌తో ఫుటర్‌ని చదివి ఎకో చేసినా ఇదే జరుగుతుంది, అది ఫైల్‌ని టెక్స్ట్‌లా చదువుతుంది తప్ప అందులో కోడ్‌ని నడపదు.

సమస్య: హోమ్ పేజీలో వస్తోంది, లోపలి ఫోల్డర్లలో పేజీలకి రావట్లేదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. అంతా ఫైల్ దారి ముందున్న స్లాష్ దగ్గరే ఉంది. ఫుటర్ ఫైల్ పేరు ముందు స్లాష్ పెట్టారనుకోండి, బ్రౌజర్‌కి అది సైట్ మొదలు, ఎస్ఎస్ఐలో ఫైల్‌ని సైట్ అడ్రస్‌తో పిలిచే వర్చువల్‌కి కూడా సైట్ మొదలే, కానీ పీహెచ్‌పీకి ఆ స్లాష్ అంటే సర్వర్ డిస్క్ మొదలు. సైట్ ఉన్న ఫోల్డర్ కాదు, మొత్తం మెషీన్‌కే రూట్. అక్కడ మీ ఫుటర్ ఎందుకుంటుంది, "ఫెయిల్డ్ టు ఓపెన్ స్ట్రీమ్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వార్నింగ్ ఇస్తుంది. ఎర్రర్లు స్క్రీన్ మీద చూపించొద్దని సెట్ చేసిన లైవ్ సర్వర్ అయితే అదీ కనబడదు, నిశ్శబ్దంగా ఫుటర్ లేకుండా పేజీ వచ్చేస్తుంది.

సరే స్లాష్ తీసేసి పైకి రెండు చుక్కలు పెట్టుకుంటూ పోతే? ఒక ఫోల్డర్ లోపల పేజీకి ఒక జత చుక్కలు, ఇంకా లోపలికి వెళ్తే రెండు జతలు, ఇలా ప్రతి పేజీలో వేర్వేరుగా రాయాలి, పేజీని ఇంకో ఫోల్డర్‌కి జరిపితే మళ్ళీ మొదటికొస్తుంది. పైగా పీహెచ్‌పీ ఈ చుక్కల దారుల్ని ఏ ఫైల్లో రాశామో అక్కడి నుంచి కొలవదు, నడుస్తున్న స్క్రిప్ట్ తాలూకు వర్కింగ్ డైరెక్టరీ నుంచి కొలుస్తుంది. అంటే ఇంక్లూడ్ చేసిన ఫుటర్ లోపల మళ్ళీ ఇంకో మెనూ ఫైల్ని చుక్కలతో పిలిస్తే, అది ఫుటర్ పక్కన వెతకదు, అసలు పేజీ ఉన్న ఫోల్డర్ దగ్గర వెతుకుతుంది. అదే ఫైల్ హోమ్ పేజీ నుంచి పిలిస్తే దొరికి, లోపలి పేజీ నుంచి పిలిస్తే దొరక్కపోవడానికి కారణం ఇదే.

పరిష్కారం డిర్ అనే కాన్‌స్టంట్, ముందు రెండు వెనక రెండు అండర్‌స్కోర్లతో పెద్దక్షరాల్లో రాస్తారు. అది ఏ ఫైల్లో రాస్తే ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్ పూర్తి దారి ఇస్తుంది. పీహెచ్‌పీ 5.3 నుంచి ఉంది కాబట్టి ఇప్పుడు ఏ సర్వర్‌లోనైనా పని చేస్తుంది. ఫుటర్ లోపలి నుంచి ఇంకోటి పిలిచేటప్పుడు దీన్నే వాడండి. పేజీల సంగతికొస్తే, సైట్ మొదట్లో ఒక కాన్ఫిగ్ ఫైల్ పెట్టి అందులో రూట్ దారిని డిర్‌తో ఒకసారి ఫిక్స్ చేసేసి మిగతా అన్నిచోట్లా దాన్నే వాడుకుంటే హాయి. డాక్యుమెంట్ రూట్ అనే సర్వర్ వేరియబుల్ కూడా వాడతారు, వెబ్‌లో బానే ఉంటుంది, అదే స్క్రిప్ట్‌ని టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో నడిపితే అది ఖాళీగా వస్తుంది.

దారి సరిగ్గానే ఉంది, మన కంప్యూటర్లో వస్తోంది, సర్వర్‌కి ఎక్కించాక రావట్లేదు అంటే ఫైల్ పేరులో పెద్దక్షరం చిన్నక్షరం చూడండి. విండోస్‌కి ఆ తేడా పట్టదు, లైనక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. అదీ కాదంటే పర్మిషన్లు, ఫైల్‌కి 644, ఫోల్డర్‌కి 755 ఉంటే మామూలుగా సరిపోతుంది. వెబ్ సర్వర్ యూజర్‌కి ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళే అనుమతి లేకపోతే ఫైల్ అనుమతులు ఎంత బాగున్నా లాభం లేదు.

ఇంక్లూడా రిక్వైరా అని అడుగుతుంటారు. ఫైల్ దొరక్కపోతే ఇంక్లూడ్ వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్తుంది, రిక్వైర్ అక్కడితో పేజీనే ఆపేస్తుంది. ఫుటర్ లేకపోయినంత మాత్రాన పేజీ ఆగిపోవాల్సిన అవసరం లేదు కాబట్టి ఫుటర్‌కి ఇంక్లూడే చాలు.

సమస్య: కొన్ని పేజీల్లో మాత్రమే ఫుటర్ మాయం

ఒకే సెటప్, అన్ని పేజీలకీ ఒకే ఫుటర్, కానీ లాగిన్ తప్పైనప్పుడో సెర్చ్‌లో ఏమీ దొరకనప్పుడో ఫుటర్ రాదు. ఆ పేజీ కోడ్‌లో ఎగ్జిట్ గానీ డై గానీ ఉందేమో వెతకండి. "యూజర్ దొరకలేదు" అని ప్రింట్ చేసి వెంటనే ఎగ్జిట్ కొడితే ఆ కింద ఉన్న ఇంక్లూడ్ లైన్ దాకా ఎవరూ రారు. ప్రతి స్క్రిప్ట్ చివరా ఒక ఫైల్‌ని తనే కలిపే ఆటో అపెండ్ ఫైల్ అని పీహెచ్‌పీ సెట్టింగుల్లో ఉంటుంది, అది వాడినా అంతే, స్క్రిప్ట్ ఎగ్జిట్‌తో ముగిస్తే అపెండ్ జరగదని మాన్యువల్‌లోనే రాసి ఉంది. ఎగ్జిట్ తీసేసి ఇఫ్ ఎల్స్‌లో పెట్టడమే అసలు పరిష్కారం. అన్ని పేజీలూ అలా తిరగరాసే ఓపిక లేకపోతే రిజిస్టర్ షట్‌డౌన్ ఫంక్షన్‌లో ఫుటర్ పెట్టొచ్చు, అది ఎగ్జిట్ తర్వాత కూడా నడుస్తుంది, కానీ అప్పుడు రీడైరెక్ట్ చేసే పేజీలకీ డౌన్‌లోడ్లకీ కూడా తగులుకుంటుంది, ఇంకో తలనొప్పి.

ఎగ్జిట్ ఎక్కడా లేదంటే మధ్యలో ఫేటల్ ఎర్రర్ వచ్చి ఆగిపోయి ఉంటుంది. సోర్స్ ఏ లైన్ దగ్గర తెగిందో చూసి, ఎర్రర్ లాగ్‌లో అదే టైమ్‌కి ఏముందో చూస్తే దొరికిపోతుంది. ఇక్కడ ఫుటర్ తప్పేమీ లేదు, పైన పేజీలో ఉన్న తప్పు ఫుటర్ లేకపోవడం ద్వారా బయటపడింది.

సమస్య: ఫుటర్ వచ్చింది, కానీ ఏజాక్స్ కాల్స్, పీడీఎఫ్ డౌన్‌లోడ్లు పాడయ్యాయి

ఏజాక్స్ అంటే పేజీ మళ్ళీ లోడ్ కాకుండా వెనక నుంచి సర్వర్‌ని అడగడం, జవాబు ఎక్కువగా జేసన్ అనే టెక్స్ట్ రూపంలో వస్తుంది. బ్రౌజర్ కన్సోల్‌లో జేసన్ పార్స్ ఎర్రర్, ఏదో అనుకోని టోకెన్ అంటుంది. లేదా డౌన్‌లోడ్ చేసిన జిప్ తెరుచుకోవట్లేదు. దీనికి కారణం దాదాపు ఖాయంగా ఆటో అపెండ్ ఫైలే. ఆ సెట్టింగ్‌కి పేజీ, ఏపీఐ, ఇమేజ్ అన్న తేడా లేదు, నడిచిన ప్రతి పీహెచ్‌పీ స్క్రిప్ట్ చివరా ఫుటర్ అంటించేస్తుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ రెస్పాన్స్ తెరిచి కిందకి వెళ్ళి చూడండి, చక్కటి జేసన్, మూసే బ్రాకెట్, దాని వెనకే మన కాపీరైట్ లైను కనబడుతుంది.

ఏపీఐ స్క్రిప్టులన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంటే ఆ ఫోల్డర్ వరకూ ఆటో అపెండ్ ఫైల్ విలువని నన్ అని పెట్టేయండి, నన్ అంటే అపెండ్ వద్దని అర్థం. కలిసిపోయి ఉంటే జేసన్ ప్రింట్ చేశాక ఎగ్జిట్ కొట్టండి, పైన తిట్టుకున్న ఎగ్జిట్టే ఇక్కడ పనికొస్తుంది.

ఈ సెట్టింగ్ ఎక్కడ రాయాలన్నది కూడా గొడవే. పీహెచ్‌పీ అపాచీ మాడ్యూల్‌గా నడుస్తుంటే హెచ్‌టీయాక్సెస్‌లో పీహెచ్‌పీ వాల్యూ అని రాస్తాం. అదే లైన్‌ని ఎఫ్‌పీఎమ్ (పీహెచ్‌పీ అపాచీలో భాగంగా కాక విడి ప్రాసెస్‌గా నడిచే పద్ధతి) ఉన్న సర్వర్‌లో పెడితే ఆ డైరెక్టివ్ ఎవరిదో అపాచీకి తెలియక సైట్ మొత్తం 500 ఎర్రర్ ఇస్తుంది, హోస్టింగ్ మార్చిన రోజే సైట్ పడిపోవడానికి ఇదొక మామూలు కారణం. ఎఫ్‌పీఎమ్‌లో అయితే చుక్కతో మొదలయ్యే యూజర్ ఐఎన్ఐ ఫైల్లో రాయాలి, ఫుటర్‌కి పూర్తి దారి ఇవ్వాలి. రాసి సేవ్ చెయ్యగానే రిఫ్రెష్ కొట్టి "పని చెయ్యట్లేదు" అనుకోకండి, పీహెచ్‌పీ ఆ ఫైల్‌ని డిఫాల్ట్‌గా 300 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది, అంటే ఐదు నిమిషాలు ఆగి చూడాలి. ఈ ఐదు నిమిషాల్లో నాలుగు రకాలుగా మార్చేసి ఏది పని చేసిందో తెలియక తికమకపడేవాళ్ళే ఎక్కువ.

సమస్య: ఫుటర్ సగం వచ్చి తెగిపోయింది

చూడ్డానికి వింతగా ఉంటుంది, "అన్ని హక్కు" దాకా వచ్చి ఆగిపోతుంది, లాగ్‌లో ఏ ఎర్రరూ ఉండదు. లేదా ఫుటర్ మొత్తమే రాదు, కానీ స్క్రిప్ట్ పూర్తిగా నడిచినట్టే ఉంటుంది. రెస్పాన్స్ హెడర్లలో కంటెంట్ లెంగ్త్ చూడండి. పేజీ తన సైజు తనే లెక్కపెట్టి ఆ హెడర్ పంపేస్తే, ఆ తర్వాత ఫుటర్ కలిస్తే బ్రౌజర్ చెప్పినన్ని బైట్లే చదివి మిగతాది వదిలేస్తుంది. తెలుగు అక్షరాలున్న పేజీల్లో ఇంకో వేషం కూడా ఉంది, సైజుని బైట్లలో కాకుండా అక్షరాల్లో లెక్కపెట్టి ఉంటారు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి మూడు బైట్లు కాబట్టి లెక్క బాగా తగ్గి పేజీ తోకంతా తెగిపోతుంది. చేత్తో పంపే ఆ కంటెంట్ లెంగ్త్ లైన్ తీసేయండి, సర్వరే చూసుకుంటుంది.

సమస్య: ఎన్‌జింక్స్‌లో సబ్ ఫిల్టర్ పెట్టాం, ఏమీ మారలేదు

అప్లికేషన్ కోడ్ ముట్టుకునే వీలు లేనప్పుడు ముందున్న ఎన్‌జింక్స్‌లోనే బాడీ మూసే ట్యాగ్‌ని పట్టుకుని దాని ముందు ఫుటర్ దూర్చడం ఒక దారి, పేజీలో ఒక మాటని వెతికి మార్చే సబ్ ఫిల్టర్ ఉన్నది దీనికే. కాన్ఫిగ్ టెస్ట్ ఓకే అంటుంది, రీలోడ్ అవుతుంది, పేజీ మాత్రం అలాగే ఉంటుంది. కారణం ఎక్కువసార్లు కంప్రెషన్. వెనకున్న అప్లికేషన్ జీజిప్ చేసిన పేజీ పంపుతోంది, అందులో ఎన్‌జింక్స్‌కి బాడీ ట్యాగ్ అక్షరాలుగా కనబడదు కాబట్టి ఏమీ దొరకదు, మార్చదు. వెనక్కి పంపే రిక్వెస్ట్‌లో యాక్సెప్ట్ ఎన్‌కోడింగ్ హెడర్‌ని ఖాళీ చేసి పంపితే అప్లికేషన్ మామూలు టెక్స్ట్ ఇస్తుంది, బయటికెళ్ళేటప్పుడు ఎన్‌జింక్స్ తనే జీజిప్ చేసుకుంటుంది. అపాచీలో మాడ్ సబ్‌స్టిట్యూట్‌కి కూడా ఇదే గొడవ, అక్కడ ఇన్‌ఫ్లేట్, సబ్‌స్టిట్యూట్, డిఫ్లేట్ అనే వరుసలో ఫిల్టర్లు పెడతారు.

ఇంకో చిన్న తిరకాసు, పైన సర్వర్ బ్లాక్‌లో సబ్ ఫిల్టర్ రాసి, లోపల ఒక లొకేషన్‌లో వేరే పనికి ఇంకో సబ్ ఫిల్టర్ రాస్తే పైది ఆ లొకేషన్‌కి వర్తించదు. రెండూ లోపల మళ్ళీ రాయాలి. అసలు ఆ డైరెక్టివే తెలియదని ఎన్‌జింక్స్ అంటే, ఆ మాడ్యూల్ లేకుండా బిల్డ్ చేసిన ఎన్‌జింక్స్ అన్నమాట, అది డిఫాల్ట్‌గా రాదు.

సమస్య: ఫుటర్‌లో తెలుగు పిచ్చి గుర్తులుగా మారింది

పేజీలో తెలుగు బానే ఉంది, ఫుటర్‌లోది మాత్రం చెడిపోయింది, లేదా అటుదిటు. ఏ రకంగా చెడిందో చూస్తే కారణం తెలిసిపోతుంది. పైన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో, ఈ జంట మళ్ళీ మళ్ళీ కనబడుతుంటే డేటా క్షేమంగా ఉన్నట్టే. తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో ఆ రెండు బైట్ల జంటల్లో ఏదో ఒకదానితోనే మొదలవుతాయి, వాటిని ఎవరో లాటిన్ అనుకుని చదివారు అంతే. సర్వర్ పంపే కంటెంట్ టైప్ హెడర్‌లో చార్‌సెట్ ఏముందో చూడండి, పేజీలో మెటా ట్యాగ్ యూటీఎఫ్-8 అన్నా హెడర్ వేరేది చెబితే బ్రౌజర్ హెడర్ మాటే వింటుంది. అపాచీ కాన్ఫిగ్‌లో యాడ్ డిఫాల్ట్ చార్‌సెట్ అన్న లైన్ చాలాసార్లు దొంగ. పేజీ మొత్తం కాక ఫుటర్ ఒక్కటే ఇలా ఉంటే, ఫుటర్ ఫైల్‌ని చదివే దశలోనే తప్పు చదువుతున్నారన్నమాట, జావాతో పేజీలు తయారుచేసే జేఎస్‌పీలో ఇది మామూలే, అక్కడ ఇంక్లూడ్ చేసిన ప్రతి ఫైల్‌కీ పేజ్ ఎన్‌కోడింగ్ విడిగా చెప్పాలి.

అలా కాకుండా వరసగా ప్రశ్న గుర్తులు వస్తుంటే ఫైల్ తెరిచి చూడండి. ఫైల్లోనే ప్రశ్న గుర్తులుంటే ఎవరో తెలుగు పట్టని ఏన్సీ ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేశారు, ఆ అక్షరాలు పోయినట్టే, మళ్ళీ టైప్ చేసుకోవాలి.

బీఓఎమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని ఎడిటర్లు యూటీఎఫ్-8 ఫైల్ మొదట్లో కంటికి కనబడని మూడు బైట్లు పెడతాయి. ఫుటర్ ఫైల్లో అయితే ఫుటర్ పైన ఎక్కడి నుంచో వచ్చిన గ్యాప్‌లా తేలుతుంది, పేజీ మొదట్లో పిలిచే కాన్ఫిగ్ ఫైల్లో అయితే "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని సెషన్లు, రీడైరెక్టులు ఆగిపోతాయి. బీఓఎమ్ లేకుండా సేవ్ చెయ్యండి. ఇంక్లూడ్ చేసే ఫైళ్ళు ఉత్త పీహెచ్‌పీ అయితే చివర మూసే ట్యాగ్ కూడా రాయకండి, దాని వెనక మిగిలిన ఖాళీ లైను కూడా ఇదే ఎర్రర్‌కి దారి తీస్తుంది.

సమస్య: ఫుటర్ సోర్స్‌లో ఉంది, పేజీలో ఎక్కడో అక్కడ కూర్చుంది

సైడ్‌బార్ లోపల ఇరుక్కుంటే పైన ఏదో డివ్ మూయలేదు. అస్సలు కనబడకపోతే మూయని కామెంట్ గానీ, టెక్స్ట్ ఏరియా గానీ, స్క్రిప్ట్ ట్యాగ్ గానీ ఫుటర్‌ని మింగేసింది. కళ్ళతో లెక్కపెట్టడం కన్నా సోర్స్ మొత్తం కాపీ చేసి డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో వేస్తే లైన్ నంబర్‌తో సహా చెబుతుంది. రెండు కాలమ్‌ల పక్కకి ఎక్కేస్తే ఫ్లోట్ సమస్య, ఫుటర్‌కి క్లియర్ బోత్ ఇవ్వండి. కంటెంట్ తక్కువున్న పేజీలో స్క్రీన్ మధ్యలో ఆగిపోతే బాడీకి ఫ్లెక్స్ కాలమ్, కనీస ఎత్తు 100 వీహెచ్, ఫుటర్‌కి మార్జిన్ టాప్ ఆటో.

ఫుటర్‌లో లోగో హోమ్ పేజీలో వచ్చి లోపలి పేజీల్లో విరిగిపోతే, మళ్ళీ అదే స్లాష్ కథ, ఈసారి బ్రౌజర్ వైపు నుంచి. బ్రౌజర్‌కి ఫుటర్ అనేది వేరే ఫైల్లోంచి వచ్చిందని తెలియదు, లింకుల్ని పేజీ అడ్రస్ నుంచే లెక్కేస్తుంది. ఇక్కడ ముందు స్లాష్ పెట్టాలి. సైట్‌ని టెస్టింగ్ కోసం ఒక సబ్ ఫోల్డర్‌లో నడుపుతుంటే ఆ స్లాష్ కూడా తప్పు చోటికి పోతుంది కాబట్టి బేస్ యూఆర్ఎల్ ఒకటి కాన్ఫిగ్‌లో పెట్టుకుని లింకులన్నిటికీ ముందు అది తగిలించడం మంచిది.

సమస్య: ఫుటర్ మార్చాం, పాతదే వస్తోంది

కర్ల్‌లో కొత్తది వచ్చి బ్రౌజర్లో పాతది ఉంటే బ్రౌజర్ కాష్. కర్ల్‌లో కూడా పాతదే అయితే పేజీల కాపీలు దాచి పంచే సీడీఎన్ గానీ పేజ్ కాష్ ప్లగిన్ గానీ చూడండి, జనవరి ఒకటిన కాపీరైట్ సంవత్సరం మారకపోవడం కూడా ఇదే, కోడ్‌లో సంవత్సరం ఆటోమేటిక్‌గా తీసుకుంటున్నా పేజీ డిసెంబర్‌లో తయారైంది మరి. వాటిని ఖాళీ చేసినా మారకపోతే ఓపీకాష్, అంటే కంపైల్ చేసిన పీహెచ్‌పీ కోడ్‌ని మెమరీలో దాచిపెట్టేది. మామూలుగా అది ప్రతి రెండు సెకన్లకి ఫైల్ మారిందేమో చూసుకుంటుంది, కానీ స్పీడ్ కోసం లైవ్ సర్వర్లలో వాలిడేట్ టైమ్‌స్టాంప్స్ సున్నా పెడతారు, అప్పుడు ఎఫ్‌పీఎమ్ రీలోడ్ చేస్తే తప్ప కొత్త ఫైల్ చదవదు. జాంగోలో డీబగ్ ఆఫ్ ఉంటే టెంప్లేట్లు మెమరీలో ఉండిపోతాయి, యాప్ రీస్టార్ట్ చెయ్యాలి. జేఎస్‌పీలో డైరెక్టివ్‌తో చేసిన ఇంక్లూడ్ కంపైల్ చేసేటప్పుడే పేజీలో కలిసిపోతుంది, తరచూ మారే ఫుటర్‌కి జేఎస్‌పీ ఇంక్లూడ్ యాక్షన్ ట్యాగ్ వాడితే రిక్వెస్ట్ వచ్చినప్పుడల్లా తాజాగా తెస్తుంది.

సమస్య: ఫుటర్ వచ్చింది కానీ అందులో పేరు, లింకులు ఖాళీ

పీహెచ్‌పీలో ఇంక్లూడ్‌ని ఒక ఫంక్షన్ లోపల పెట్టారేమో చూడండి. ఇంక్లూడ్ చేసిన ఫైల్‌కి ఆ ఫంక్షన్ లోపలున్న వేరియబుల్సే కనబడతాయి, బయట పేజీలోవి కనబడవు. కావాల్సినవి ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లుగా ఇవ్వండి, గ్లోబల్ అని రాసి తప్పించుకోవచ్చు గానీ ఆరు నెలల తర్వాత అది ఎక్కడి నుంచి వస్తోందో మీకే అర్థం కాదు. పైథాన్ టెంప్లేట్ ఇంజిన్ జింజాలో ఇంపోర్ట్ చేసిన మాక్రోకి పేజీ కాంటెక్స్ట్ (పేజీకి పంపిన వేరియబుల్స్) రాదు, ఇంక్లూడ్ చేస్తే వస్తుంది. జాంగోలో అయితే ప్రతి వ్యూ నుంచీ పంపే బదులు అన్ని టెంప్లేట్లకీ ఆ విలువలు ఇచ్చే కాంటెక్స్ట్ ప్రాసెసర్ రాసుకోండి. వర్డ్‌ప్రెస్ థీమ్‌లో ఫుటర్ కనబడుతూ ప్లగిన్ల స్క్రిప్టులు మాత్రం పని చెయ్యకపోతే ఫుటర్ ఫైల్లో డబ్ల్యూపీ ఫుటర్ కాల్ ఎగిరిపోయి ఉంటుంది, బాడీ మూసే ట్యాగ్‌కి ముందు పెట్టండి.

సమస్య: రెండు ఫుటర్లు

లేఅవుట్‌లో ఒకటి, పేజీలో ఇంకోటి పిలుస్తున్నారు. ఇంక్లూడ్ వన్స్ పెడితే రెండోది ఆగుతుంది గానీ, ఏది ముందు నడిస్తే అదే ప్రింట్ అవుతుంది కాబట్టి ఒక్కోసారి ఫుటర్ పేజీ మధ్యలో తేలుతుంది. ఫైళ్ళన్నిటిలో ఫుటర్ పేరు వెతికి ఒకటి తీసేయండి. బటన్ నొక్కి ఏజాక్స్‌తో కొంత భాగం లోడ్ చేసినప్పుడు మాత్రమే రెండోది వస్తుంటే, ఆ భాగాన్ని ఇచ్చే సర్వర్ పేజీ మొత్తం లేఅవుట్‌తో సహా పంపుతోంది, దానికి లేఅవుట్ ఆపెయ్యాలి, రెయిల్స్‌లో లేఅవుట్ ఫాల్స్ అంటారే అది.

ఇదంతా సరిచేశాక ఇంకొకటి చూడండి, ఫుటర్ ఫైల్ అడ్రస్‌ని నేరుగా బ్రౌజర్లో కొట్టండి. ఐఎన్‌సీ అన్న ఎక్స్‌టెన్షన్‌తో పెట్టి ఉంటే చాలా సర్వర్లు దాన్ని పీహెచ్‌పీగా నడపకుండా టెక్స్ట్‌లా ఇచ్చేస్తాయి, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న లైన్ గానీ ఉంటే అది అందరికీ కనబడుతుంది. ఎక్స్‌టెన్షన్ పీహెచ్‌పీకి మార్చండి, వీలైతే ఇంక్లూడ్స్ ఫోల్డర్‌నే వెబ్ రూట్ బయటికి జరపండి, పీహెచ్‌పీ ఇంక్లూడ్‌కి డిస్క్ దారి చాలు కాబట్టి అక్కడ ఉన్నా ఫుటర్ మామూలుగానే వస్తుంది. ఎస్ఎస్ఐ వర్చువల్ వాడేవాళ్ళకి మాత్రం ఇది కుదరదు, దానికి సైట్ అడ్రస్‌లో ఉన్న ఫైలే కావాలి.